మేనేజర్ ఎవరితో చెప్పుకోవాలి?

అందరినీ కలుపుకుపోయే మేనేజర్లు కావాలని ఇప్పుడు కంపెనీలన్నీ అంటున్నాయి. మంచి మాటే. ఆ కలుపుకుపోవడానికి పట్టే శ్రమను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఇది రోజూ జరిగేదే. టీములో ఒకమ్మాయి డిప్రెషన్‌కి మందులు వాడుతోంది. ఆ సంగతి మేనేజర్ ఒక్కామెకే తెలుసు. నైట్ షిఫ్టు తప్పించింది, గడువులు కాస్త సడలించింది. పక్క సీట్లవాళ్లకు కారణం తెలియదు. "ఆవిడ మనిషి కదా, అందుకే" అనుకుంటారు. ఆ నింద పోవాలంటే నోరు విప్పాలి. విప్పితే నమ్మి చెప్పిన పిల్లకు ద్రోహం చేసినట్టే. కాబట్టి పక్షపాతి అనిపించుకుని ఊరుకుంటుంది. ఇంట్లోనూ చెప్పదు. అమెరికా కాల్ ముగించి పడుకున్నా ఆ మాటలు నిద్ర పట్టనివ్వవు. పైగా, వినే మనిషని తెలిసేకొద్దీ చెప్పుకునేవాళ్లు పెరుగుతారు. కసిరి పంపే మేనేజర్ గుమ్మం ఎవరూ తొక్కరు. అప్రైజల్‌లో మాత్రం ఇద్దరినీ అడిగేది డెలివరీ గురించే.

మనసును బిగబట్టుకుని చేసే పని కూడా శ్రమేనని అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షిల్డ్ 1983లోనే ఎయిర్ హోస్టెస్‌ల జీవితాలు చూసి పుస్తకం రాశారు. మన టైమ్‌షీట్లలో ఆ శ్రమకు ఇంకా చోటు దొరకలేదు.

ప్రసూతి సెలవు 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఎంతో అవసరమైన మార్పు అది. కానీ ఆ ఆరు నెలల పని ఎవరు చేయాలి? బదులు మనిషిని ఇవ్వరు, ప్రాజెక్టు గడువు జరపరు. మిగతావాళ్లకు పంచితే బాలింత మీద కోపం పెంచుకుంటారని మేనేజరే రాత్రుళ్లు కూర్చుని పూర్తిచేస్తుంది. దీన్నే సాకుగా చూపి ఆడవాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకోవద్దనేవాళ్లూ ఉన్నారు. తప్పు సెలవుది కాదు, మనిషిని ఇవ్వని యాజమాన్యానిది.

బర్నౌట్ అంటే ఎడతెగని పని ఒత్తిడిని సరిగా పట్టించుకోకపోవడం వల్ల వచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మేనేజర్‌కు వారాంతంలో యోగా క్లాసు పెడితే అది తగ్గదు. సెలవులో ఉన్నవారి చోట మనిషిని ఇవ్వండి. టీము కష్టసుఖాలు వినే గంటలను పనిగంటల్లో రాసుకోనివ్వండి. విన్న మేనేజర్ తన గోడు చెప్పుకోవడానికి, పైవాళ్లకు చేరవేయని కౌన్సెలర్‌ను ఏర్పాటు చేయండి.