శుక్రవారం కాసెట్టు, కొడుకు గిటారు

బోధన్ శక్కర్‌నగర్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందుంది. వంటల గురించి కాదు, అత్తాకోడళ్ళ గురించి అంతకన్నా కాదు. పదోతరగతి పాసైన కొడుకు గిటారు కొనిపెట్టమని పట్టుబట్టాడట. "అక్కా, మా పోరనికి పొద్దున లేస్తే గిటారు, పండుకుంటే గిటారు. జాన్ మెక్‌లాఫ్లిన్ అంట, ఎవరో తెల్లాయన, ముసలాయన. ఫోన్ల ఎప్పుడు జూసినా ఆయనే. మా ఆయన వద్దంటుండు. నేనేం చెప్పాలె?" అని అడిగారు.

ఆ కింద ఇంకో రెండు ముక్కలు రాశారు. ఈ వారం శీర్షికంతా వాటికోసమే. "మొన్న నేను వంటింట్ల ఉంటే వాని ఫోన్ల గిరిరాజసుతా వినవడ్డది. అండ్ల మాండలిన్ అచ్చం మా శుక్రవారం కాసెట్టు లెక్కనే ఉన్నది. ఇదెట్ల అక్కా?"

శుక్రవారం కాసెట్టంటే ఏమిటో కూడా ఆవిడే వివరంగా రాశారు. ఆవిడ భర్త నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకున్న ఫ్యాక్టరీ కదా, ఆ క్వార్టర్లలో అన్ని జిల్లాలవాళ్ళూ ఉండేవారు. ఇటు నిజాంసాగర్ కాలవ కింద కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులు సరేసరి. ఈవిడ పక్క క్వార్టరులో భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ప్రతి శుక్రవారం దీపం పెట్టాక మాండలిన్ శ్రీనివాస్ కాసెట్టు వేసేవారట. చెరకు ఆడే రోజుల్లో ఊరంతా బెల్లప్పాకం వాసన, సందులో ఆ మాండలిన్! "ఆమె పెట్టకపోతే మేము బోయి అడిగేటోళ్ళం" అని రాశారు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎవరి దారి వారిదయింది. పెద్దావిడ ఊరు వదిలి వెళ్తూ ఆ కాసెట్టు ఈవిడ చేతిలో పెట్టారట.

సోదరీ, మీ చెవి మోసపోలేదు. మీ కాసెట్టులో వాయించినదీ, మీ అబ్బాయి ఫోనులో వాయించినదీ ఒక్క మనిషే. పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్. మీ అబ్బాయి వింటున్న రికార్డు పేరు "సాటర్డే నైట్ ఇన్ బాంబే". 2001లో వచ్చింది. అందులో గిటారు జాన్ మెక్‌లాఫ్లిన్‌ది, తబలా జాకిర్ హుస్సేన్‌ది, గొంతు శంకర్ మహదేవన్‌ది. కీర్తన మాత్రం మన త్యాగయ్యది, బంగాళ రాగంలో వినాయకుడి మీద రాసినది. చూశారా, తల్లీకొడుకులు ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఒకే మనిషికి అభిమానులై ఉండి, ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు!

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని ఆరేళ్ళ పిల్లాడు చేతిలోకి తీసుకున్నాడు. ఆ రోజుల్లో మాండలిన్ అంటే సినిమా పాటల వెనకా, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లోనూ వినిపించే వాయిద్యం. దానిమీద త్యాగరాజ కీర్తనలేమిటని పెద్దలు నవ్వే కాలం. ఇక్కడే ఒక విచిత్రం జరిగింది. పిల్లాడికి గురువుగా దొరికిన రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్ర విద్వాంసులు. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు ఆ పాడినదాన్ని తీగమీద పట్టుకునేవాడు. అంతే పాఠం.

దీని ఫలితం ఏమయిందో మీరంతా విన్నారు కానీ గమనించి ఉండరు. గాత్రం విని నేర్చుకున్న చెయ్యి కాబట్టి ఆయన వాయిస్తుంటే మాటలు వినిపిస్తాయి. కీర్తన తెలిసిన మనిషైతే కూరగాయలు తరుగుతూనే మనసులో పాడేసుకోవచ్చు. బెర్లిన్‌లో విన్నవాళ్ళకి ఆ భాగ్యం లేదు, వాళ్ళు విన్నది ఒట్టి నాదాన్నే. త్యాగయ్య తెలుగులో రాశాడు కనుక మాటా నాదమూ రెండూ కలిపి విన్నది మనం. శక్కర్‌నగర్ క్వార్టర్లలోని ఆడవాళ్ళు బెర్లిన్ శ్రోతలకన్నా ఎక్కువే విన్నారంటే నేను ఒప్పుకుంటాను.

ఇంకో చిక్కు ఉండేది. మామూలు మాండలిన్‌కి తీగలు జంటలు జంటలుగా నాలుగు వరసలుంటాయి. మీటగానే టింగుమని మోగి వెంటనే ఆగిపోతుంది. మన సంగీతానికి గమకం కావాలి కదా, స్వరం సాగాలి, ఊగాలి, పక్క స్వరంలోకి జారాలి. పాకం పట్టేవాళ్ళకి నేను చెప్పాలా? మామూలు మాండలిన్ నాదం ముదురుపాకం లాంటిది, పుటుక్కున విరిగిపోతుంది. కావలసింది తీగపాకం, రెండు వేళ్ళ మధ్య తెగకుండా సాగేది. అందుకని శ్రీనివాస్ కరెంటుతో మోగే మాండలిన్ పట్టాడు. జంట తీగలు మాన్పించి ఒంటి తీగలు ఐదు పెట్టించాడు. నాదం సాగింది. కర్ణాటక సంగీతంలో కరెంటు వాయిద్యమేమిటని సణిగినవాళ్ళు లేకపోలేదు, కానీ విన్నాక వాళ్ళ సణుగుడు తగ్గింది.

మొదటి కచేరీ 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో. అప్పటికి వయసు తొమ్మిది. 1981లో మద్రాసు డిసెంబర్ కచేరీలు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. పద్నాలుగేళ్ళ పిల్లాడు, చేతిలో బొమ్మలాంటి వాయిద్యం, ఎదురుగా జాజ్ వినడానికి వచ్చిన జనం! ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, ఈ పిల్లాడు అదే వరసలో గెలిచాడు. తర్వాత విమానాలే విమానాలు. 1992లో ఒలింపిక్స్ జరిగిన బార్సిలోనాలో వాయించాడు. 1995లో మైకేల్ బ్రూక్ అనే గిటారిస్టుతో కలిసి "డ్రీమ్" అనే రికార్డు చేశాడు. 1998లో పద్మశ్రీ. ఇంత తిరిగినా మళ్ళీ వచ్చి మన సభల్లో నేలమీద మఠం వేసుకుని వర్ణంతో మొదలుపెట్టేవాడు. ఆయన పక్కన ఎన్నో కచేరీల్లో వయొలిన్ వాయించిన ఎ. కన్యాకుమారిగారు విజయనగరం ఆడపడుచు, 2016లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. పక్క వాయిద్యం కదా అని ఆవిడ పేరు మరిచిపోకండి. మీ పాత కాసెట్ల అట్టలు ఒకసారి తిరగేసి చూడండి, ఆవిడ పేరు కనిపించినా కనిపించవచ్చు.

ఇక మీ అబ్బాయి తెల్లాయన సంగతి. ఆయన 1942లో ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలో పుట్టారు. అమెరికా వెళ్ళి మైల్స్ డేవిస్ అనే మహా సంగీతకారుడి రికార్డుల్లో వాయించారు. 1971లో సొంత బృందం పెట్టారు, దాని పేరేమిటో తెలుసా? మహావిష్ణు ఆర్కెస్ట్రా! శ్రీ చిన్మయ్ అనే బెంగాలీ గురువు ఆయనకి ఇచ్చిన పేరది. తెల్లబట్టలు, రెండు మెడల గిటారు, చెవులు దిబ్బళ్ళు వేసేంత వేగం. జాజ్‌నీ రాక్‌నీ కలిపి ఊరూరా తిరిగి వాయించారు. ఆ సంగీతం నాకు పెద్దగా ఎక్కదు, దాచడమెందుకు. కానీ అంత పేరు వచ్చిన మనిషి దాన్ని పక్కన పెట్టేసి వీణ పాఠాలకి కూర్చున్నారు చూడండి, అక్కడ నాకు ఆయనమీద గౌరవం పుట్టింది. 1970లలోనే జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయక్‌రామ్‌లతో "శక్తి" బృందం కట్టారు. వీణమీద తీగని లాగి గమకం పలికిస్తాం కదా, ఆ సుఖం గిటారుమీద కూడా రావాలని మెట్ల మధ్య చెక్కని లోపలికి గుంటలుగా చెక్కించుకున్నారు. శ్రుతి కోసం అదనపు తీగలు కూడా పెట్టించుకున్నారు.

ఒకరేమో పాలకొల్లు నుంచి బయలుదేరి మాండలిన్‌ని వీణకి దగ్గర చేశారు. ఇంకొకరు ఇంగ్లండు నుంచి బయలుదేరి గిటారుని వీణకి దగ్గర చేశారు. ఇద్దరూ కలుసుకోవడానికి 1990ల చివరిదాకా పట్టింది. "రిమెంబర్ శక్తి" పేరుతో పాత బృందం మళ్ళీ మొదలైనప్పుడు వయొలిన్ చోట మన శ్రీనివాస్ వచ్చి కూర్చున్నాడు. ఘటం విద్వాన్ కొడుకు సెల్వగణేశ్ కంజీర పట్టాడు. ఆ తర్వాత పదేళ్ళకి పైగా వీళ్ళు దేశదేశాలూ తిరిగారు. ఆ రికార్డులు వింటే గిటారు ఒక మాట విసురుతుంది, మాండలిన్ దానికి రెండు మాటలు కలిపి తిప్పి పంపుతుంది. రాను రానూ మాటలు చిన్నవైపోయి చివరికి ఒక్కో స్వరమే మిగులుతుంది. వంటింటి గట్టు దగ్గర ఇద్దరు తోడికోడళ్ళు పోటీపడి సామెతలు విసురుకుంటున్నట్టు ఉంటుంది. వయసులో ఇరవయ్యేడేళ్ళు తేడా ఉన్నా చనువు అలాంటిది.

ఇక్కడిదాకా చెప్పడం సులువే. మీ వారు వద్దంటున్నారన్నారు కదా, ఆయన భయం కూడా ఊరికే పుట్టినది కాదు. నెలజీతం ఇచ్చే ఫ్యాక్టరీయే మూతపడటం చూసిన మనిషి, జీతమే లేని తీగల మీద కొడుకుని ఎలా వదులుతారు? శ్రీనివాస్ కథ కూడా పూలపానుపేమీ కాదు. తొమ్మిదేళ్ళకి గుడివాడ, పద్నాలుగేళ్ళకి బెర్లిన్. ఆ పిల్లాడు గోలీలాడిందెప్పుడని నేను చాలాసార్లు అనుకున్నాను. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో, కాలేయ మార్పిడి తర్వాత వచ్చిన ఇబ్బందులతో పోయాడు. నలభై అయిదేళ్ళు! మన ఇళ్ళలో ఆ వయసుకి పిల్లల పెళ్ళిళ్ళ గురించి ఆలోచన మొదలవుతుంది.

ఆయన పోయాక శక్తి బృందం కొన్నేళ్ళు కచేరీలు మానేసింది. మెక్‌లాఫ్లిన్‌కి చేతి కీళ్ళవాతం, 2017లో అమెరికా పర్యటనలకి ఇదే ఆఖరన్నారు. కానీ 2023లో ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో శక్తితో మళ్ళీ బయలుదేరి మన దేశానికీ వచ్చారు. ఆ ఏడాది వచ్చిన "దిస్ మొమెంట్" రికార్డుకి 2024 ఫిబ్రవరిలో గ్రామీ దక్కింది. ఆ డిసెంబర్‌లోనే జాకిర్ హుస్సేన్ కూడా వెళ్ళిపోయారు. కొత్త శక్తి రికార్డు విన్నప్పుడు నా మనసు పట్టిన సంగతి ఒకటుంది. శ్రీనివాస్ కూర్చున్న చోట ఇంకో మాండలిన్ లేదు. గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది. ఎందుకలా చేశారో వాళ్ళకే తెలియాలి. నాకు మాత్రం మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పోయాక వాళ్ళ పీట గోడకి ఆనించి ఉంచేస్తామే, అది గుర్తొచ్చింది. మాండలిన్ అంతటితో ఆగిపోయిందని కాదు. తమ్ముడు రాజేశ్ వాయిస్తున్నాడు. మెక్‌లాఫ్లిన్ 2008 నాటి "ఫ్లోటింగ్ పాయింట్" రికార్డులో అతని చెయ్యి కూడా ఉంది. అన్నదమ్ములిద్దరూ చెన్నైలో ఎందరో పిల్లలకి నేర్పారు.

సోదరీ, మీ అబ్బాయి శ్రీనివాస్ అవుతాడని నేను రాయను. అలా రాసేవాళ్ళని నమ్మకండి కూడా. కానీ పదిహేనేళ్ళవాడు ఫోనులో దొరికే లక్ష చెత్త పాటలు వదిలేసి ఏరికోరి గిటారు, మాండలిన్ వింటున్నాడంటే వాడి చెవి మంచిదే, మీ పోలికే. గిటారు కొనివ్వండి, చదువు మానొద్దని ఒట్టు వేయించుకోండి. కరెంటు గిటారూ, దానికి స్పీకరూ ఇప్పుడేమీ వద్దు, మామూలు చెక్క గిటారు చాలు. సెకండ్ హ్యాండ్‌ది దొరికితే ఇంకా మంచిది, మెడ వంగిపోలేదో లేదో చూసి మరీ తీసుకోండి. వారానికి ఒకరోజు నిజామాబాద్ పంపి ఎవరైనా గాత్రం టీచరు దగ్గర సరళీస్వరాలు నేర్పించండి. పాతిక కిలోమీటర్లే కదా, బస్సులకి కొదవలేదు. గిటారు రాని టీచరైనా ఫరవాలేదు, సుబ్బరాజుగారికి మాత్రం మాండలిన్ వచ్చా?

మీ వారికి చెప్పడం ఎలాగంటారా? వాదన పెట్టుకోకండి. ఒక శుక్రవారం సాయంత్రం ముందు మీ కాసెట్టు వేయండి, తర్వాత అబ్బాయిని ఫోనులో ఆ గిరిరాజసుతా పెట్టమనండి. మీరేమీ మాట్లాడకండి.

ఆ కాసెట్టు గురించి కూడా ఒక మాట. వానాకాలం చెమ్మకి టేపుకి బూజు పడుతుంది. తెల్లటి మచ్చలు కనిపిస్తే టేప్ రికార్డరులో పెట్టకండి, మిషను కూడా పాడవుతుంది. బాగున్నదాన్ని ఏడాదికోసారి చివరిదాకా తిప్పి మళ్ళీ మొదటికి తిప్పి, పెట్టెలో నిలబెట్టి ఉంచండి. స్పీకర్ల పక్కన వద్దు, వాటిలో అయస్కాంతం ఉంటుంది. మందుల సీసాల్లో వచ్చే చిన్న తెల్లటి పొట్లాలు రెండు పక్కన వేస్తే చెమ్మ పీల్చుకుంటాయి, చిన్నపిల్లల చేతికి మాత్రం అందనివ్వకండి. వీలైతే అబ్బాయితోనే దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, ఒక కాపీ ఆ భీమవరం పెద్దావిడకి పంపండి.

గిటారు వచ్చిన మొదటి నెల వాడి ఎడమచేతి వేళ్ళు బొబ్బలెక్కుతాయి. తల్లి మనసు కదా అని కొబ్బరినూనె రాయకండి. చర్మం మెత్తబడి మళ్ళీ మొదటికి వస్తుంది, తీగలు కూడా జిడ్డోడతాయి. రెండు రోజులు ఆపి మళ్ళీ మొదలుపెట్టమనండి, చర్మం దానంతట అదే గట్టిపడుతుంది.