ఆగని తప్పే అసలు ప్రమాదం

ఒక వెబ్‌సైటు ఉన్నట్టుండి ఆగిపోతే అందరం కంగారు పడతాం. అదే వెబ్‌సైటు ఆగకుండా తప్పు లెక్క చూపిస్తే ఎవరికీ తెలియదు. ఈ రెండింటిలో ఏది పెద్ద తప్పు? వెబ్‌లో అత్యధికంగా వాడే భాషల్లో ఒకటైన పీహెచ్‌పీ ఈ ప్రశ్నకు చాలా ఏళ్లపాటు ఒకే సమాధానం ఇచ్చింది: ఆగిపోవడమే పెద్ద తప్పు. 2020లో దాన్ని కొంత సవరించుకుంది. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత పేజీల కోసం రాసుకున్న చిన్న చిన్న పనిముట్లను అందరికీ విడుదల చేయడంతో మొదలైన ఈ భాష ఈరోజు వర్డ్‌ప్రెస్‌కూ, కళాశాలలు పాఠాలకు వాడే మూడుల్‌కూ, వికీపీడియాను నడిపే మీడియావికీకీ ఆధారం. తెలుగు వికీపీడియా కూడా ఆ మీడియావికీ మీదే నడుస్తోంది. కాబట్టి ఈ భాష ఏ తప్పును పెద్దదనుకుంటుంది, దేన్ని చిన్నదని వదిలేస్తుంది అన్నది ప్రోగ్రామర్ల గదిలో తేలిపోయే విషయం కాదు. ఫీజు కట్టేవాళ్లకూ, దరఖాస్తు పెట్టేవాళ్లకూ, వార్త చదివేవాళ్లకూ దానితో సంబంధం ఉంది. తప్పు తీవ్రతను యంత్రం ముందుకు నడవగలదా లేదా అన్నదాన్ని బట్టి కాక, దానివల్ల మనిషికి జరిగే నష్టాన్ని బట్టి కొలవాలన్నది నా వాదన.

ముందు పీహెచ్‌పీ తప్పులను విడదీసే తరగతుల సంగతి చూద్దాం. రాసినదాన్ని యంత్రం అర్థం చేసుకోలేకపోతే అది పార్స్ ఎర్రర్. అర్థమైనా పని సాగించడం అసాధ్యమైతే ఫాటల్ ఎర్రర్. ఈ రెండు సందర్భాల్లోనూ పని ఆగిపోతుంది. ఏదో గట్టి లోపం ఉన్నా ముందుకు పోగలిగితే వార్నింగ్. అనుమానించదగ్గది కనిపించినా బహుశా ఫర్వాలేదనిపిస్తే నోటీస్. ఇప్పటికి పనిచేస్తున్నా రాబోయే వెర్షన్లలో తీసేయబోతున్న పద్ధతిని వాడితే డిప్రికేటెడ్. వీటిలో ఏవి తెలియజేయాలో, ఏవి దాచిపెట్టాలో ప్రోగ్రామర్ నిర్ణయించుకోవచ్చు. ఈ మెట్లన్నింటికీ మొత్తం మీద ఆధారం ఒకటే: యంత్రం తన పని కొనసాగించగలదా లేదా. ఇది యంత్రం వైపు నుంచి వేసిన కొలత. దీన్ని తీవ్రతకు కొలతగా చదువుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విద్యార్థి కట్టాల్సిన ఫీజులోంచి స్కాలర్‌షిప్ మొత్తాన్ని తీసేసే ప్రోగ్రాం ఉందనుకోండి. ఆ మొత్తాన్ని దాచిన వేరియబుల్ పేరును ప్రోగ్రామర్ ఒకచోట ఒక అక్షరం తేడాతో రాశాడు. అలాంటి పేరుతో ఏ వేరియబుల్ లేదు గనక పీహెచ్‌పీ దాన్ని శూన్యంగా తీసుకుని, లెక్కలో సున్నా వేసి, తీసివేత పూర్తి చేస్తుంది. రసీదు చక్కగా తయారవుతుంది. విద్యార్థి మొత్తం ఫీజు కడతాడు. పీహెచ్‌పీ 8 రాకముందు ఇది నోటీస్, అంటే బాగా కింది మెట్టు. పైగా ప్రత్యేకంగా అమర్చుకోకపోతే నోటీస్‌లు అసలు తెలియజేసేదే కాదు. అదే ప్రోగ్రామర్ వాక్యం చివర సెమికోలన్ మరిచిపోతే పార్స్ ఎర్రర్ వస్తుంది, పేజీ తెరుచుకోదు, నిమిషంలో దిద్దుకుంటాడు. అంటే ఎవరికీ హాని చేయకముందే దొరికిపోయే తప్పుకు పై మెట్టు, నెలల తరబడి దొరక్కుండా జనం డబ్బుతో ఆడుకునే తప్పుకు కింది మెట్టు. మెట్ల వరుస నష్టాల వరుసకు సరిగ్గా తలకిందులుగా ఉందన్నమాట.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. పీహెచ్‌పీ తొలినాళ్లలో రిజిస్టర్ గ్లోబల్స్ అనే ఏర్పాటు ఉండేది. వెబ్ చిరునామా చివర ఏ పేరు, ఏ విలువ తగిలించినా అదే పేరుతో ప్రోగ్రాంలో ఒక వేరియబుల్ తయారైపోయేది. లాగిన్ అయినవాడికి అనుమతి ఉందని ఒక వేరియబుల్‌లో రాసుకునే ప్రోగ్రాం, దానికి ముందుగా 'లేదు' అన్న విలువ ఇవ్వడం మరిచిపోతే చాలు, బయటివాడు చిరునామాలో ఆ పేరు తగిలించి నేరుగా లోపలికి వచ్చేసేవాడు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ ప్రోగ్రాం మామూలుగా నడిచే రోజుల్లో, అనుమతి లేనివాళ్లు వచ్చిన ప్రతిసారీ, విలువ ఇవ్వని వేరియబుల్‌ను చదువుతున్నావని భాష నోటీస్ రూపంలో చెబుతూనే ఉంది. ఆ మాట వినిపించకుండా చేసింది దాని మెట్టే. 2002లో వచ్చిన 4.2 వెర్షన్‌లో, ప్రత్యేకంగా అమర్చుకుంటే తప్ప పనిచేయకుండా ఆ ఏర్పాటును ఆపి ఉంచారు, 2012లో 5.4తో పూర్తిగా తీసేశారు. తలుపు తెరిచి ఉందని చెప్పే హెచ్చరిక అన్నింటికంటే చిన్న గొంతుతో పలికిన కాలం అది.

భాషను తీర్చిదిద్దేవాళ్లే ఈ లోపాన్ని ఒప్పుకున్నారు. 2019లో వాళ్లలో ఒకరైన నికితా పోపోవ్ ప్రతిపాదించిన సవరణ ప్రకారం, 2020 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8లో అనేక తప్పుల మెట్లు మార్చారు. లేని వేరియబుల్‌ను చదవడం నోటీస్ నుంచి వార్నింగ్ అయింది. సున్నాతో భాగించడం వార్నింగ్ స్థాయి దాటి, పట్టించుకోకపోతే పని ఆపేసే తప్పుగా మారింది. ప్రత్యేకంగా మార్చుకోకపోతే, దాచిపెట్టకుండా అన్ని స్థాయిలనూ తెలియజేయడమే మామూలు అమరికైంది. లేని కాన్‌స్టెంట్‌ను, అంటే మారని విలువకు పెట్టే పేరును, వాడటం కథ మరీ స్పష్టంగా ఉంటుంది: 7.1 దాకా అది నోటీస్, 7.2లో వార్నింగ్, 8లో పని ఆపేసే తప్పు. ఇన్నేళ్లలో తప్పు మారలేదు, దానివల్ల జరిగే నష్టమూ మారలేదు. మారింది మన అంచనా. లేని వేరియబుల్‌ను చదవడం కూడా 9వ వెర్షన్‌లో పని ఆపేసే తప్పు కావాలని 2022లో ఓటింగ్ ద్వారా నిర్ణయించారు. ఇంతమంది అనుభవజ్ఞులు ఇన్నేళ్ల తర్వాత ఒకే దిశలో అడుగులు వేస్తున్నారంటే, మొదటి కొలత సరైనది కాదనే అర్థం.

అయితే మెట్లు సవరించడంతో పని అయిపోలేదు. అసలు ఏ మెట్టూ దక్కని తప్పులున్నాయి, వాటి భారం పడేది మనలాంటి భాషల మీదే. 'తెలుగు' అన్న మాట యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే ఒక్కోదానికి మూడేసి చొప్పున 18 బైట్లు. పీహెచ్‌పీలో మామూలుగా వాడే పొడవు లెక్కించే ఫంక్షన్ దాన్ని 18 అంటుంది. వార్త మొదటి కొన్ని అక్షరాలు చూపడానికి మామూలు కత్తిరింపు ఫంక్షన్ వాడి 10 బైట్ల దగ్గర కోస్తే, 'లు'లోని కొమ్ము మొదటి బైటు దగ్గరే తెగిపోతుంది. నోటీస్ రాదు, వార్నింగ్ రాదు. ఆ తెగిన ముక్కను సమాచారం పంపడానికి వాడే జేసన్ రూపంలోకి మార్చబోతే, ప్రత్యేకంగా అడిగితే తప్ప, ఆ ఫంక్షన్ గొడవ చేయకుండా 'కాదు' అన్న విలువను తిరిగిచ్చి ఊరుకుంటుంది. దాన్ని అలాగే పంపితే చదువరి ఫోనుకు చేరేది ఖాళీ. 8.1కు ముందు, హెచ్‌టీఎంఎల్‌లో చూపడానికి శుభ్రం చేసే ఫంక్షన్ కూడా ఇలాంటి ముక్క దొరికితే మొత్తం వాక్యాన్నే ఖాళీ చేసి ఇచ్చేది. ఇంగ్లిష్‌లో ఒక అక్షరానికి ఒక బైటే గనక ఇంగ్లిష్‌తో పరీక్షించిన ప్రోగ్రామర్‌కు ఇవేవీ ఎదురుకావు. తయారుచేసేవాడి వైపు నుంచి చూస్తే అసలు తప్పే లేదు; చదివేవాడి వైపు నుంచి చూస్తే వార్తే లేదు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం బలమైనదే. వెబ్ పేజీ కాలిక్యులేటర్ కాదు, ఒక మూల చిన్న లోపం ఉన్నంత మాత్రాన మొత్తం పేజీ ఆపేయడం న్యాయమా అంటారు. వార్త చదవడానికి వచ్చినవాడికి పక్కనున్న వాతావరణం పెట్టె చెడిపోయిందని తెల్లకాగితం చూపించకూడదన్నది నిజమే. కానీ ఆపడమంటే అన్నీ ఆపడమని అర్థం కాదు. 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7 చాలా ఫాటల్ ఎర్రర్లను ప్రోగ్రాం పట్టుకుని సంభాళించుకోగలిగే మినహాయింపులుగా మార్చింది. చెడిన పెట్టెను పక్కన పెట్టి మిగతా పేజీ చూపించడం ఇప్పుడు సాధ్యం. అంతగా చెడితే వర్డ్‌ప్రెస్ 2019లో 5.2 వెర్షన్ నుంచి చేస్తున్నట్టు, వచ్చినవాడికి సాంకేతిక సమస్య ఉందని మర్యాదగా చెప్పి, నిర్వాహకుడికి ఈమెయిల్ పంపవచ్చు. తప్పును ఒక గదిలో ఆపడం వేరు, తప్పు విలువతో ఇల్లంతా తిరగనివ్వడం వేరు. డబ్బు, మార్కులు, అనుమతులు ముడిపడిన చోట రెండోదానికి సమర్థన లేదు.

రెండో అభ్యంతరం ఖర్చుకు సంబంధించినది. పదేళ్ల కింద రాయించుకున్న వెబ్‌సైట్లు నడిపే చిన్న సంస్థలు, పాఠశాలలు, స్థానిక పత్రికలు చాలా ఉంటాయి. భాష కఠినమైతే అవి ఒక్కసారిగా కుప్పకూలుతాయని అంటారు. ఈ బాధను తేలిగ్గా తీసుకోలేం. కానీ దీనికి విరుగుడు ఆ మెట్లలోనే ఉంది, దాని పేరే డిప్రికేటెడ్. డేటాబేసుతో మాట్లాడే పాత మైఎస్‌క్యూఎల్ ఎక్స్‌టెన్షన్‌ను తీసేయబోతున్నామని 2013లో 5.5 వెర్షన్‌లోనే ఆ హెచ్చరికతో చెప్పారు. నిజంగా తీసేసింది 2015 చివర్లో, 7వ వెర్షన్‌లో. రెండున్నరేళ్ల గడువు. ఆ మాట విన్నవాళ్లు వీలు చూసుకుని మార్చుకున్నారు, స్థాయిని దాచిపెట్టుకున్నవాళ్లకు మార్పు ఒక్క రోజులో వచ్చి మీద పడింది. పాత ప్రోగ్రాంను కూల్చేది కఠినత్వం కాదు, ముందుగా వచ్చిన కబురును చెవిన పెట్టకపోవడం.

మూడో అభ్యంతరం అనుభవం ఉన్న ప్రోగ్రామర్ల నుంచి వస్తుంది: అన్నీ తెలియజేస్తే రోజుకు వేల హెచ్చరికలు లాగ్ ఫైల్లో పేరుకుంటాయి, వాటి మధ్య అసలైనది కలిసిపోతుంది, చివరికి ఎవరూ చదవరు. అది నిజం, కొట్టిపారేయలేం. కానీ వేల హెచ్చరికలు ఉన్నాయంటే వేల సార్లు ప్రోగ్రాం ఏదో అనుమానించదగ్గ పని చేస్తోందని అర్థం. వినడం మానేస్తే ఆ సంఖ్య తగ్గదు. కుప్పను ఒక్కరోజులో తవ్వక్కర్లేదు. పీహెచ్‌పీస్టాన్ వంటి పరిశీలక పరికరాల్లో, ఇప్పటికే ఉన్న తప్పులను ఒక పట్టికలో రాసుకుని, కొత్తగా చేరినవాటినే చూపమని చెప్పవచ్చు. కొత్త తప్పు రాకుండా తలుపు వేసి, పాతవి కొన్ని కొన్నిగా దిద్దుకోవడం సాధ్యమే. హెచ్చరికలను వచ్చినవాళ్ల తెరమీద చూపించకూడదన్న జాగ్రత్త మాత్రం సరైనది, వాటిలో ఫైళ్ల దారులూ పట్టికల పేర్లూ బయటపడతాయి. తెరమీద చూపకుండా లాగ్‌లో రాయమన్నదే పీహెచ్‌పీ తనతోపాటు ఇచ్చే అమరిక సలహా కూడా. దాచాల్సింది బయటివాళ్ల నుంచి, బాధ్యుల నుంచి కాదు.

ఏ తప్పు ఎవరికి ఎంత నష్టం చేస్తుందో భాషకెలా తెలుస్తుందని అడగవచ్చు. తెలియదు, అందుకే ఆ భారం మనిషిది. పీహెచ్‌పీ ఆ అవకాశం చాలాకాలంగా ఇస్తూనే ఉంది. ఇంకో ఫైలును చేర్చుకునేటప్పుడు 'ఇన్‌క్లూడ్' అని రాస్తే, ఆ ఫైలు లేకపోయినా వార్నింగ్ ఇచ్చి ముందుకు పోతుంది. 'రిక్వైర్' అని రాస్తే అక్కడే ఆగుతుంది. పేజీ అడుగున వేసే అలంకారానికి మొదటిది చాలు, అనుమతులు తనిఖీ చేసే ఫైలుకు రెండోదే ఉండాలి. ఈ తేడాను ఆలోచించి రాయడమే వృత్తి ధర్మం. హెచ్చరికను మూయడానికి వాక్యం ముందు యాట్ గుర్తు పెట్టడం, సర్వర్ అమరికలో స్థాయి తగ్గించి పని అయిందనిపించుకోవడం ఆ ధర్మానికి విరుద్ధం.

మన దగ్గర ఇది నేర్పాల్సిన చోటు కళాశాల ప్రయోగశాల. హైదరాబాద్ జేఎన్‌టీయూ వెబ్ టెక్నాలజీస్ పాఠ్యాంశాల్లో పీహెచ్‌పీ ఉంటూ వచ్చింది. విద్యార్థి ప్రోగ్రాం సరైన జవాబు తెరమీద చూపితే చాలదు, అన్ని స్థాయిలూ తెరిచి ఉంచినప్పుడు ఒక్క హెచ్చరికా లేకుండా నడవాలి, తెలుగు పేరు ఇచ్చినా తెగకుండా చూపాలి అన్న నియమం పెట్టి మార్కులు వేస్తే, ఉద్యోగంలోకి వెళ్లినప్పుడు ఆ అలవాటు వాళ్లతో వెళుతుంది. ప్రజల డబ్బుతో వెబ్‌సైట్లు చేయించే శాఖలు ఒప్పందాల్లోనే ఈ షరతు రాయాలి: తప్పుల లాగ్ ఎవరు చదువుతారు, ఎన్ని రోజులకోసారి చదువుతారు, చదివి ఏం చేశారో ఎక్కడ నమోదు చేస్తారు. వెబ్‌సైటు ఏడాదంతా ఆగకుండా నడిచిందన్న లెక్క ఒక్కటే మెచ్చుకోలుకు ఆధారం కాకూడదు. అది ఆ ఏడాదంతా నిజం చెప్పిందా అన్నదే ముందుగా అడగాల్సిన ప్రశ్న.