మనోడు దుబాయిల, వాళ్లోడు మన మిల్లుల!



“బయటోళ్లకు ఇండ్లు కిరాయికి ఇయ్యొద్దు” అనే మెసేజ్ మీ ఫోన్ల కూడా వచ్చే ఉంటది. దాన్ని ఇంకొకలకు పంపే ముందు మా మాట వినుండ్రి. మేం గల్ఫ్ పోయొచ్చినోళ్లం. దుబాయి సోనాపూర్ క్యాంపుల ఒక్క అర్రల పన్నెండు మందిమి, మంచం మీద మంచం, వంతుల లెక్కన వండుకొని తిన్నం. ఆ జీతంతోనే ఇక్కడ అప్పులు తీరినయి, చెల్లెండ్ల పెండ్లిళ్లయినయి, స్లాబులు పడ్డయి. మన జగిత్యాల జిల్లాల ఆ పైస చేరని ఊరు ఏదో చెప్పుండ్రి.

ఇప్పుడు మన రైస్ మిల్లు కాడికి పోయి చూడుండ్రి. వడ్ల లారీ అర్ధరాత్రి వచ్చినా దించేది బిహార్ పిల్లగాడే. నెత్తి మీద గోనెసంచి మడత, కనురెప్పల దాకా దుమ్ము. ఆయన బస్తా దించకపోతే లారీ ఖాళీ కాదు. లారీ మళ్లీ రాకపోతే మీ వడ్లు కొనుగోలు కేంద్రంలనే వానకు తడుస్తయి.

2020 లాక్‌డౌన్ యాదికి ఉన్నదా? దేశంలనే మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌ల హటియాకు పోయింది. వారం తిరిగిందో లేదో, మిల్లులల్ల హమాలీలు లేక, బిహార్‌ల ఖగారియా నుంచి 200 మందికి పైగా అదే లింగంపల్లికి రైల్ల రప్పించుకున్నం. మంత్రే స్టేషన్‌కు ఎదురువోయిండు. ఆనాడు అక్కరకొచ్చినోళ్లు ఇయ్యాల బయటోళ్లెట్లయితరు?

“వాళ్లొస్తే మా కూలి పడిపోతది” అనే మన హమాలీల బాధ ఉత్తది కాదు. కానీ రేటు కోసేది బిహారీ కాదు, ఆయనను తక్కువకు మాట్లాడి తెచ్చే కాంట్రాక్టరు. ఇసొంటిదే ఒకప్పుడు మనోళ్లకూ జరిగింది: 1930 మే నెలల బర్మాల రంగూన్ రేవుల తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె చేసిన్రు. కంపెనీలు బర్మా కూలీలను పనిల దింపినయి, బేరం కుదరంగనే వాళ్లను ఎల్లగొట్టి మనోళ్లను పిలిచినయి. బర్మావాళ్ల కోపం కంపెనీల జోలికి పోలే, మనోళ్ల మీద పడ్డది. వంద మందికి పైగా సచ్చిపోయిన్రు. ఆ తప్పు మన జగిత్యాలల జరగనియ్యొద్దు.

అందుకే అడుగుతున్నం: ఒక్క పనికి ఒక్కటే రేటు, ఎవ్వలు మోసినా. బిహార్ కార్డు మీద ఇక్కడ రేషన్ బియ్యం తీసుకునే హక్కు వాళ్లకున్నది, డీలర్లు తిప్పి పంపొద్దు. వాళ్ల పిల్లలను మన సర్కారు బడిల చేర్పియ్యుండ్రి. అర్ర ఖాళీగ ఉంటే కిరాయికి ఇయ్యుండ్రి.

ఆదివారం పొద్దుగాల పది గంటలకు తహసీల్ చౌరస్తాకు రాండ్రి. మన హమాలీలు, బిహార్ హమాలీలు ఒక్కతాన కూసుంటున్నరు. మీ ఇంట్ల ఎవ్వలన్న గల్ఫ్‌ల ఉంటే, వాళ్ల పేరు మీదనన్న రాండ్రి.

— గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కార్మికులు, జగిత్యాల