వెలుతురు హిసాబులో గరీబు పేరేది?

కర్బనాన్ని తగ్గించడానికి మన ముల్క్‌లో కానూన్లకు కరువు లేదు. కొనే కరెంటులో కొంత వాటా ఎండ, గాలి నుంచి రావాలని డిస్కంలను కట్టడి చేసే వీలు 2003 విద్యుత్ చట్టంలోనే ఉంది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి కార్బన్ క్రెడిట్ల బజారుకు దర్వాజా తెరిచారు. బట్టమేక పిట్ట కేసులో 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఇచ్చిన ఫైసలా ఇంకా పెద్దది. వాతావరణ మార్పు కీడు నుంచి రక్షణ కూడా 14, 21 అధికరణాల కింద మనిషి హక్కేనంది. షుక్రియా! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో, అదీ భరోసా లేకుండా బతికే అనంతపురం వాళ్లకు ఈ హక్కు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

నా సవాల్ వేరే. ఈ కానూన్లు మెగావాట్లను లెక్కపెడతాయి. ఆ మెగావాట్లు నిలబడే జమీన్ మీది మనుషుల్ని ఎవరు లెక్కపెడతారు?

మా ఎన్.పి.కుంటనే చూడండి. 2016లో అక్కడ ఎన్టీపీసీ 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు పూర్తయింది. మెగావాటుకు సుమారు ఐదెకరాలు కావాలి. కానీ 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ జాబితాలో సోలార్ ప్లాంట్ల పేరే లేదు. పొగ లేదు కాబట్టి ఆ అనుమతి అక్కర్లేదు. దాంతోపాటు ఆ నోటిఫికేషన్ కింద జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణా పోయింది!

‘బీడు భూమే కదా భాయ్’ అంటారు. కాగితం మీద బీడే. గొర్రెలకు మాత్రం అదే దస్తర్‌ఖాన్. వేరుశనగ ఎండిన ఏడాది ఇంటి రోజీ ఆ గొర్రెలే.

దవా కూడా కానూన్‌లోనే ఉంది. అసైన్డ్ భూమిని సర్కారు వెనక్కి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలని 2004లోనే మేకల పాండు కేసులో మన హైకోర్టు చెప్పింది. కౌలుదారు, కూలీ కూడా బాధిత కుటుంబాలేనని 2013 భూసేకరణ చట్టం ఒప్పుకుంది. సేకరణ అన్నా, లీజు అన్నా, స్వాధీనం అన్నా ప్రతి సోలార్ పార్కుకూ ఈ రెండు సూత్రాలూ లాజిమ్ చేయాలి. మొదటి ఫలకం నాటకముందే గ్రామసభ జరగాలి.

బొగ్గు పొగ తగ్గాల్సిందే దోస్తులారా. ఆ ఖుర్బానీ మాత్రం గరీబు ఒక్కడి మెడకే చుట్టడం ఇన్సాఫ్ కాదు. మీ మండలానికి సోలార్ పార్కు వస్తోందని వింటే, ఎన్ని మెగావాట్లని అడిగే ముందు, బాధితుల ఫెహరిస్తులో కౌలుదారు, కాపరి పేర్లున్నాయా అని తహసీల్దారుని అడగండి.