సుర్మాదానీలో ఏముంది?

పండుగ దగ్గర పడితే మన ఇళ్లలో ఒక వాదన వినిపిస్తూ ఉంటుంది. అమ్మాయి గోధుమరంగు కాటుక పెన్సిలు కొనుక్కొస్తుంది. అబ్బాజాన్‌కు కోపం వస్తుంది. "ఈ ఫ్యాషన్లు మనకెందుకు? సుర్మా పెట్టుకో బేటీ, సున్నత్ అవుతుంది, కళ్లకూ మంచిది" అంటారు. మేమూ చాలాకాలం అలా అన్నవాళ్లమే. ఇప్పుడు అనలేకపోతున్నాం.

దైవప్రవక్త (స) ఇస్మద్‌ను మెచ్చుకున్నారని, అది చూపును తేటపరుస్తుందని హదీసుల్లో ఉంది. ఇందులో రెండో మాటకు తావు లేదు. అయితే ఇస్మద్ అన్నది ఒక నిర్దిష్టమైన రాయి. ఆంటిమొనీ ఖనిజమని సామాన్యంగా చెబుతారు. నేడు సుర్మా పేరుతో అమ్ముడవుతున్న పొడుల్లో చాలావాటిలో ఉన్నది గెలీనా, అంటే సీసపు ఖనిజం. రెండూ బూడిదరంగులో మిలమిల మెరుస్తాయి. మెత్తగా నూరిన తర్వాత అత్తరు దుకాణం వాడే తేడా చెప్పలేడు, ఇక మనమెంత? పరీక్షించిన కొన్ని నమూనాల్లో సగానికి పైగా సీసమే తేలింది. డబ్బీ మీద మదీనా పేరో, "అస్లీ" అన్న మాటో ఉన్నంత మాత్రాన లోపలి పొడి మారిపోదు కదా!

పెద్దవాళ్ల సంగతి అలా ఉంచండి. మా ఆందోళన పసిబిడ్డల గురించి. నలభై రోజులు నిండకముందే కళ్లనిండా సుర్మా దిద్దుతాం. బిడ్డ కళ్లు నులుముకుంటుంది, అదే చేయి నోట్లో పెట్టుకుంటుంది. కన్నీటితో పాటు కొంత ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దల కంటే పిల్లల శరీరం ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తహీనత వస్తుంది, మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చదువులో వెనకబడిన పిల్లవాణ్ణి మొద్దు అని తిట్టే మేము, మా వంటి ఉపాధ్యాయులు, ఈ సంగతి ఎన్నడైనా ఆలోచించామా? దాదీమాలు, నానీమాలు నొచ్చుకోవద్దు. పసిబిడ్డ కంటికి ఏదీ పెట్టనవసరం లేదు. ఆముదం దీపపు కాటుక కూడా వద్దు. ఒకే వేలితో ఇద్దరు పిల్లలకు దిద్దితే కండ్లకలక ఒకరి నుంచి మరొకరికి పాకుతుంది.

ఇక "సుర్మా మందు, పెన్సిలు సింగారం" అనే మాట. భర్త చనిపోయిన స్త్రీ ఇద్దత్ రోజుల్లో సుర్మా పెట్టుకోరాదని షరీఅత్ చెప్పింది. ఎందుకు? అది అలంకారం గనుకనే. కాబట్టి ఒకదాన్ని పుణ్యం ఖాతాలో, మరొకదాన్ని పాపం ఖాతాలో రాయడం సరికాదు. ఎవరి ముందు సింగారించుకోవాలన్న హద్దు రెండింటికీ ఒకటే.

మన దేశంలో రంగు కోసం సౌందర్య సామగ్రిలో సీసపు సమ్మేళనాలు కలపడం నిషిద్ధం. అందుచేత కొనేది పెన్సిలైనా, సుర్మా అయినా, తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, కలిపిన పదార్థాల జాబితా, గడువు తేదీ చూసి కొనాలి. గోధుమరంగు సామాన్యంగా ఇనుప ఆక్సైడ్‌తో వస్తుంది. పగటిపూట చామనఛాయ ముఖానికి నలుపుకన్నా అదే ఒదుగుతుందని మా ఇంట్లోవాళ్ల అభిప్రాయం. నీలం, ఆకుపచ్చ పెన్సిళ్లు రెప్ప పైఅంచుకే పరిమితం చేయండి. రెప్ప లోపల పెట్టుకోవచ్చని రాసి ఉంటే తప్ప లోపలికి పోనివ్వకండి. వాడే ముందు మొన కొద్దిగా చెక్కాలి. అక్కాచెల్లెళ్లయినా ఒకే పెన్సిలు పంచుకోరాదు.

వుజూ గురించి కూడా అడుగుతుంటారు. కంటి లోపలి భాగం కడగనక్కరలేదు, కాబట్టి లోపలి కాటుకతో చిక్కు లేదు. నీటికి చెదరని రకం మాత్రం రెప్ప చర్మం మీద పొరలా అంటుకుని నీరు తగలనివ్వదు. దాన్ని ముందే తీసేయాలి. దూదికి చుక్క కొబ్బరినూనె అద్ది, కన్ను మూసుకుని తుడిస్తే వచ్చేస్తుంది.