షాక్‌లకు నూనె పోయించడం ఆపుదాం, జతగా కొత్తవే వేయిద్దాం

కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు ప్రాంతాల పాత కార్ల యజమానులకు, మెకానిక్ సోదరులకు విజ్ఞప్తి

మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. ఇండికా, పాత శాంట్రో కూడా షోరూముల్లో లేవు. మన వీధుల్లో మాత్రం అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, పాత ఆల్టోలు, వ్యాగన్ ఆర్‌లు సరేసరి. ఇంజన్ బాగున్న బండిని అమ్ముకోమని ఎవరూ చెప్పనక్కర్లేదు. కొత్త కారు కొనే స్తోమత అందరికీ ఉండదు. మేము అడిగేది ఒక్కటే. షాక్ అబ్జార్బర్ కారగానే దానికి రంధ్రం వేసి, నూనె నింపి, వెల్డింగ్ పెట్టి మళ్లీ బిగించే పద్ధతికి స్వస్తి చెప్పండి. ముందువైపు పోతే ముందు రెండూ, వెనకవైపు పోతే వెనక రెండూ కొత్తవి వేయించండి.

షాక్‌లు నడుము నొప్పి రాకుండా పెట్టినవి మాత్రమే అని చాలామంది అనుకుంటారు. అందుకే ఆ ఖర్చును వచ్చే ఏడాదికి, ఆపై ఏడాదికి వాయిదా వేస్తుంటారు. కారు బరువు మోసేది స్ప్రింగు. గతుకులో పడి లేచిన స్ప్రింగు అలా ఊగుతూనే ఉండకుండా పట్టి ఆపేది షాక్. దాని లోపల పిస్టన్‌కున్న సన్నటి దారుల గుండా నూనె తోసుకుంటూ పోతుంది, ఆ ఊపంతా వేడిగా మారి చల్లారిపోతుంది. నూనె కారిపోయిందంటే చక్రం గంతులేస్తుంది. నేలను వదిలిన టైరుకు బ్రేకు పట్టదు, స్టీరింగు మాట వినదు. రాయచోటి నుంచి కడపకు వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు, బండి నిండా ఇంటిల్లిపాదీ ఉండగా, ముందున్న లారీ మలుపులో ఆగిపోతే ఆ కాస్త పట్టే మనకు దిక్కు. పాత చిన్న కార్లలో చాలావాటికి ఏబీఎస్ కూడా లేదన్నది మరవకండి.

మన నేల మీద షాక్‌లు త్వరగా పోవడానికి కారణాలున్నాయి. ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల, బేతంచెర్ల రోడ్లలో సిమెంటు లారీలు, నాపరాళ్ల లారీలు పోతుంటే సున్నపురాయి పొడి పొగలా లేస్తుంది. షాక్ రాడ్‌కు తొడిగిన నల్ల రబ్బరు బూటు చిరిగిందంటే ఆ పొడి నేరుగా రాడ్‌ను అంటుకుంటుంది. మీ బండి కింద తల పెట్టి చూడండి. రాడ్ దగ్గర నూనెతో తడిసి ముద్దగా పట్టిన మట్టి కనిపిస్తే, అదే సీలును రోజూ గీరుతోందని అర్థం. కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చి, పైన వేసిన రోడ్డును అలలుగా మార్చేస్తుంది. ఏప్రిల్, మే ఎండలు రబ్బరు మౌంట్లనూ బుష్‌లనూ గట్టిబారుస్తాయి.

ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలిగేలా. మన కాలనీల్లో కట్టేవి నిట్టనిలువు సిమెంటు గట్లు. వీటి మీద సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీ పెట్టండి, ఫొటో జత చేయండి.

నూనె పోయించిన షాక్ మొదటి వారం గట్టిగానే అనిపిస్తుంది. చిక్కటి నూనె పోశారు కాబట్టి అలా ఉంటుంది. ఆ నూనె ఏ గ్రేడో పోసినాయనకే తెలియదు. సీలు పాతదే, రాడ్ మీది గీతలు అలాగే ఉంటాయి. గ్యాస్ షాక్ అయితే రంధ్రం వేసిన క్షణంలోనే లోపలి నైట్రోజన్ పోయింది. కొన్నాళ్లకు మళ్లీ కారుతుంది, మళ్లీ కూలీ, ఈలోపు టైర్లు అక్కడక్కడా గుంటలుగా అరిగిపోతాయి. ఆ టైర్ల డబ్బు కూడా కలిపి లెక్క వేసుకోండి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంచడమూ ఇంతే. గతుకుకు రెండు చక్రాలు రెండు రకాలుగా స్పందిస్తాయి.

కొనేటప్పుడు కారు పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. ఆర్‌సీ తీసుకెళ్లి మోడల్, సంవత్సరం చూపించండి. ఒకే పేరుతో వచ్చిన పాత మోడల్‌కూ కొత్త మోడల్‌కూ షాక్‌లు వేరుగా ఉండవచ్చు. ముందువైపు స్ప్రింగుతో కలిపి బిగించే షాక్‌లను స్ట్రట్‌లు అంటారు, వాటిలో కుడిది వేరు, ఎడమది వేరు. కారు కంపెనీ సొంత పార్టయినా, గాబ్రియేల్, మన్రో, కేవైబీ వంటి పేరున్నదైనా సరే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రకమే ఎంచుకోండి. గట్టి షాక్ వేస్తే బండి బాగా నిలుస్తుందని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు, అలసిన పాత బాడీ ఆ దెబ్బలు తట్టుకోలేదు. బండి కిందికి దిగిందని స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు దూర్చేవాళ్లూ ఉన్నారు. చదునైన చోట నిలిపి, చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా రెండువైపులా టేపుతో కొలవండి. తేడా ఉంటే స్ప్రింగులు కూడా జతగా మార్చాలి. వెనక గ్యాస్ సిలిండర్ ఉన్న బండికి ఇది మరీ ముఖ్యం. ముందువైపు విప్పినప్పుడే స్ట్రట్ మౌంట్, బేరింగ్, బంప్ స్టాప్, బూటు కొత్తవి వేయించండి. ఒకే కూలీతో పోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు బిల్లులో కనబడాలి.

మెకానిక్ అన్నలకు ఒక మాట. మీ చేతి పనితనం మీద నమ్మకంతోనే ఈ బండ్లు నడుస్తున్నాయి. పై నట్టు బిగించేటప్పుడు రాడ్ తిరుగుతోందని ప్లయర్‌తో పట్టకండి. ఆ పళ్ల గీత ఒక్కటి చాలు, కొత్త సీలు నెలల్లో కారడానికి. స్ప్రింగును తీగలతో, తాళ్లతో కట్టి విప్పడం ప్రాణాల మీదికి తెచ్చే పని. స్ప్రింగ్ కంప్రెసర్ లేనివాళ్లు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. కొత్త షాక్‌ను నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగాకే బిగించండి. బుష్ బోల్టులకు చివరి బిగింపు చక్రాలు నేల మీద ఆనాక ఇవ్వండి, గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. ముందు స్ట్రట్‌లు మార్చిన ప్రతి బండినీ వీల్ అలైన్‌మెంట్‌కు పంపండి.

రవాణా శాఖకు మా కోరిక ఇది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసి, తర్వాత ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. ఆ రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ లైట్లు, హారన్ చూసి సరిపెట్టకుండా నాలుగు మూలలా బండిని నొక్కి చూడాలి, కింద నూనె కారుతోందేమో పరిశీలించాలి. కారుతుంటే మార్పించుకు రమ్మని వెనక్కి పంపాలి. మాకు ఒక పూట వృథా అయినా సరే.

అంతవరకూ ఆ పరీక్ష మీరే చేసుకోండి. బానెట్ మూలన బలంగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలిస్తే ప్రస్తుతానికి ఫర్వాలేదు, కానీ దాంతోనే ధీమా పడకండి, నూనె కారుతోందేమో కూడా చూడండి. రెండు మూడుసార్లు ఊగితే షాక్ పోయినట్టే. బండి నిలిపి స్టీరింగు తిప్పితే పైనుంచి టక్కుటక్కుమని వినిపిస్తే మౌంట్ బేరింగ్ అనుమానించండి.

కొత్తవి వేయించిన రోజు పాత షాక్‌లు, ఖాళీ పెట్టెలు, పార్ట్ నంబరు రాసిన బిల్లు అడిగి తెచ్చుకోండి. కొత్తవని చెప్పి రంగేసిన పాతవి అంటగడితే ఆ బిల్లే మీ సాక్ష్యం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే కర్నూలు, కడపల్లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు.