తిట్టు విమర్శ కాదు

సోషల్ మీడియాలో ఒక స్త్రీని గుంపుగా దూషిస్తే, "అదీ ఒక అభిప్రాయమే, భావప్రకటనా స్వేచ్ఛ కావాలన్నది మీరే గదా!" అని మన సాహిత్య మిత్రులే కొందరు వాదిస్తున్నారు. ఈ వాదాన్ని ఉపేక్షించడానికి వీల్లేదు.

తిరుపతి వేంకట కవులకూ, కొప్పరపు కవులకూ నడిచిన వివాదంలో పరుషోక్తులు లేకపోలేదు. అయినా అన్నవారెవరో లోకానికి తెలుసు; పడ్డవారికి జవాబు చెప్పే చోటు ఉండేది. మారుపేర్ల చాటున వందమంది ఒక్క పూటలో ఒక మనిషి కులంమీదా, శీలంమీదా పడితే దానికి జవాబేమిటి? వారు కోరేది జవాబు కాదు, ఆమె నోరు మూయడం. రచనలో దోషం చూపేవాడే విమర్శకుడని నేను తరగతిలో చెబుతాను. రచయిత్రి గుమ్మంలో బురద చల్లేవాడికి ఆ పేరు చెల్లదు.

2021 జూలైలో గిట్‌హబ్‌లో ఒక యాప్ బయటపడింది. ముస్లిం స్త్రీల ఫోటోలను, వారిలో పాత్రికేయులవి కూడా, వారికి తెలియకుండా తెచ్చి 'వేలానికి' పెట్టారు. కేసు పెట్టారు, అరెస్టులు లేవు. 2022 జనవరి 1న అదే వేలం మరో పేరుతో వెలసి, దేశం గగ్గోలు పెట్టాకనే అరెస్టులు జరిగాయి. ఆర్నెల్లు!

చట్టానికి నడక రాదనుకోకండి. 2012 నవంబరులో, బాల్ ఠాక్రే మరణించినప్పుడు బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో ప్రశ్నించిన యువతినీ, దానికి లైక్ కొట్టిన స్నేహితురాలినీ మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో పోలీసులు వెంటనే అరెస్టు చేశారు. ఆ కేసులో వాడిన 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయినా దానికిందే ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి అదే కోర్టు నిర్ఘాంతపోయింది. ఎప్పుడు? సరిగ్గా ఆ 2021 జూలైలోనే!

ప్రశ్నించినవారిమీదికి చచ్చిన సెక్షన్ కూడా లేచి వస్తుంది. దూషణకు గురైనవారికోసం బతికున్న సెక్షన్లు కదలవు. కనుక కొత్త చట్టం కావాలనేవారితో నేను ఏకీభవించను. ఆ సంకెళ్ళు మొదట పడేది ప్రశ్నించేవారికే. ఉన్న చట్టాన్ని బాధితురాలి పక్షాన కదిలించాలి. గగ్గోలు పెరిగినకొద్దీ ప్రకటనల రాబడి పెంచుకునే కంపెనీలను జవాబుదారీ చేయాలి.

మనవంతు పని కూడా ఉంది. దూషణకు గురైనది అవతలి శిబిరపు రచయిత్రి అయినా సరే, దాన్ని ఖండించాలి. ఆమె భావాలను ఎంత తీవ్రంగానైనా ఎదుర్కొందాం, కాని మన పేరు పెట్టుకుని, ఆమె రాసినదాన్ని పట్టుకుని. ఆ మాత్రం చేయలేనివారికి స్వేచ్ఛ గురించి మాట్లాడే అర్హత లేదు.